కుళాయి వచ్చిన తరువాత నీటి బాధ్యత ఎవరిది? – బంగ్లాదేశ్ గొట్టపు బావులు, నల్గొండ ఫ్లోరైడ్

ఏటిగట్టు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ఉమ్మడిగా వేసే లెక్కల ప్రకారం 2022 నాటికి ప్రపంచంలో 220 కోట్ల మందికి ‘సురక్షితంగా నిర్వహించే’ తాగునీరు, అంటే ఇంటి దగ్గరే, కావలసినప్పుడు, కాలుష్యం లేకుండా అందే నీరు లేదు, 350 కోట్ల మందికి ఆ స్థాయి పారిశుద్ధ్యం లేదు. అయితే 2012లో ఇదే ఐక్యరాజ్యసమితి, మంచినీరు అందనివారి శాతాన్ని 2015లోగా సగానికి తగ్గించాలన్న తాగునీటి సహస్రాబ్ది లక్ష్యం గడువు కంటే ఐదేళ్లు ముందుగా 2010లోనే నెరవేరిందని ప్రకటించింది. పదేళ్లు గడిచేసరికి ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారంటే, వారు మొదటి నుంచీ ఉన్నవారే, మారింది కొలత. అప్పటి లెక్కలో నీటిని పరీక్షించలేదు. కుళాయి, గొట్టపు బావి, గట్టు కట్టిన బావి వంటి ‘మెరుగైన వనరు’ నుంచి నీరు తెచ్చుకుంటే ఆ కుటుంబానికి నీరు అందినట్టే రాసుకున్నారు.

ఆ కొలత ఎంత దూరం తీసుకుపోగలదో బంగ్లాదేశ్ చూపించింది. చెరువుల, కుంటల నీరు తాగి పిల్లలు అతిసారంతో చనిపోతుంటే, 1970ల నుంచి యునిసెఫ్ తోడ్పాటుతో అక్కడ ఊరూరా గొట్టపు బావులు దింపారు. తరువాత జనం తమ డబ్బుతో తామే లక్షల సంఖ్యలో వేసుకున్నారు. 1990ల నాటికి గ్రామీణ జనాభాలో 90 శాతానికి పైగా సురక్షిత నీరు అందిందని గర్వంగా చెప్పుకున్నారు. 1993లో చపాయ్ నవాబ్‌గంజ్ జిల్లాలో ప్రభుత్వ ఇంజనీర్లు బావి నీటిలో ఆర్సెనిక్‌ను కనుగొన్నారు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో రాసిన నిపుణులు, చరిత్రలో ఒక జనాభా విషం బారిన పడిన అతిపెద్ద ఘటనగా దీన్ని వర్ణించి, మూడున్నర కోట్ల నుంచి 7.7 కోట్ల మంది వరకు ప్రమాదంలో ఉన్నారని అంచనా వేశారు. రంగు, రుచి, వాసన లేని విషం కాబట్టి తాగేవారికి తెలిసే అవకాశమే లేదు. బావి తవ్వించినవారు మాత్రం ఆర్సెనిక్ కోసం పరీక్ష చేయించలేదు.

నేను అడగదలచినది ఇది. మన దగ్గర నల్గొండ ఫ్లోరైడ్ కథ దీనికి దగ్గరగా ఉంటుందని విన్నాను. కుళాయి బిగించిన రోజునే లక్ష్యం పూర్తయినట్టు లెక్క రాసే పద్ధతిలో, ఆ తరువాత పదేళ్ల పాటు ఆ నీటి గుణానికి పూచీ పడేది ఎవరు? పనిచేసిన అనుభవం ఉన్నవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

రాతిపొర

ఏటిగట్టు గారూ, రెండు కథలూ దగ్గరివే కానీ భూగర్భంలో జరిగేది వేరు. ఆ తేడా తెలియకపోతే ఒకచోట పనికొచ్చిన పరిష్కారాన్ని మరొకచోటికి మోసుకుపోతాము.

బంగ్లాదేశ్ నేల హిమాలయాల నుంచి నదులు మోసుకొచ్చిన ఒండ్రు. ఆ మట్టి రేణువుల మీది ఇనుప ఆక్సైడ్ పూతలో ఆర్సెనిక్ అంటుకొని ఉంటుంది. మట్టిలోని సేంద్రియ పదార్థాన్ని తినే సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను ఖర్చు చేసేస్తే ఆ ఇనుము కరుగుతుంది, దానితో పాటు ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. సాగుకు నీళ్లు తోడడం వల్ల గాలి లోపలికి పోయి ఆర్సెనిక్ విడుదలైందని మొదట్లో కొందరు వాదించారు గాని, ఇప్పుడు ఎక్కువమంది అంగీకరించేది నేను చెప్పిన కారణాన్నే. అక్కడ ప్రమాదం ప్రధానంగా తక్కువ లోతు పొరల్లో ఉంటుంది; సుమారు 150 మీటర్లు దాటిన పాత ఇసుక పొరల్లో నీరు చాలావరకు మంచిది. పక్కపక్క ఇళ్ల బావుల్లో కూడా ఫలితం వేరుగా వస్తుంది కాబట్టి ఒక బావిని చూసి మరో బావి గురించి చెప్పలేము.

నల్గొండలో ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నెమ్మదిగా నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకొని కిందికి దించుతుంది. కాల్షియం తక్కువై, సోడియం బైకార్బనేట్ ఎక్కువైన నీటిలో ఫ్లోరైడ్ పేరుకుంటూ పోతుంది. రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిచిన నీరైతే అంత ఇబ్బంది. అందుకే ఇక్కడ ఎండిపోయిన బోరును ఇంకా లోతుకు దింపితే సమస్య తీరకపోగా తరచుగా పెరిగింది. అక్కడ లోతుకు పోవడం మందు, ఇక్కడ లోతుకు పోవడం రోగం.

పాత_ఇంజనీరు

నేను గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. తెలిసినంతవరకు చెబుతాను.

ఫ్లోరైడ్ మనకు కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని వైద్యులు నమోదు చేశారు. పళ్ల మీద గారలతో మొదలై, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోయి, నడుము వంగి, కాళ్లు వంకర్లు తిరుగుతాయి. వచ్చిన వంకరను వెనక్కి తిప్పే మందు లేదు. మన ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మేలు, వేరే వనరు లేనిచోట 1.5 వరకు అనుమతి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో చాలా బోర్లు ఈ హద్దును ఎన్నోరెట్లు దాటాయి.

దీనికి నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి, బాగా తిప్పి, మడ్డి కిందికి దిగాక పైనీటిని వాడుకోవడమే ఆ పద్ధతి. రసాయనశాస్త్రం ప్రకారం అందులో లోపం లేదు. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్ మీద, క్షారత మీద ఆధారపడుతుంది. అంటే ఊరూరికీ, ఒక్కొక్కసారి కాలం మారితే అదే ఊరికీ మోతాదు మారుతుంది. ఫ్లోరైడ్ నిండిన మడ్డిని ఎక్కడ పారబోయాలో ఎవరూ చెప్పరు. రోజూ ఇంత శ్రద్ధగా పనిచేయవలసిన మనిషికి పంచాయతీ ఇచ్చే జీతం నెలల తరబడి రాదు. ప్లాంట్లు కట్టడానికి పద్దు ఉండేది, నడపడానికి ఉండేది కాదు. పేరు నల్గొండదే అయినా నల్గొండ ఊళ్లలోనే అది నిలవలేదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచిన సంగతి పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఫ్లోరైడ్ గోడు వినిపించడానికి బాధితుల తరఫున వేసిన నామినేషన్లే అందులో అధికం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయవలసి వచ్చింది. తరువాత ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల ధరావతును 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. నీటి కంటే ముందు ధరావతు విషయంలో కదలిక వచ్చిందని మాలో మేము చెప్పుకునేవాళ్లం.

చివరికి జరిగినది భూగర్భ జలాన్ని శుద్ధి చేయడం కాదు, దాన్ని వదిలేయడం. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా ఈ జిల్లా ఊళ్లకు కృష్ణా నీరు వచ్చింది. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. అయితే ఒక సంగతి గమనించాలి. నది నీటిలో ఫ్లోరైడ్ బెడద లేదు గాని, బురద ఉంటుంది, క్రిములు ఉంటాయి. బోరు నీటికి ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే పరీక్ష సరిపోయేది. నది నీటికి క్లోరిన్ పరీక్ష ప్రతిరోజూ చేయాలి. విషం పోయింది కాబట్టి పరీక్ష కూడా అక్కరలేదనుకుంటే బంగ్లాదేశ్ వెళ్లిన దారిలోనే, ఎదురు దిక్కు నుంచి మనమూ వెళ్తాము.

బడిపంతులు_నల్గొండ

పాత ఇంజనీరు గారు చెప్పినదంతా నిజమే. ఇప్పటి పరిస్థితిని కలుపుతాను. మా ప్రాంతంలో ఇంటింటికీ నల్లా వచ్చింది, అయినా ఎంతోమంది ఇంకా ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కొనే తాగుతున్నారు. నల్లా నీటితో గిన్నెలు తోముతారు, స్నానం చేస్తారు, పశువులకు పెడతారు. ఎందుకని అడిగితే క్లోరిన్ వాసన అంటారు, ఏ పూట వస్తుందో తెలియదంటారు. అన్నిటికంటే పెద్ద కారణం, మీ నీళ్లలో విషం ఉందని వీరికి రెండు తరాల పాటు చెప్పాము. ఇప్పుడు ఆ నీళ్లు వేరు, ఈ నీళ్లు వేరు అని అంత ఓపికగా ఎవరూ చెప్పలేదు.

ఆ క్యాన్లు నింపే ప్లాంట్లలోని ఆర్‌ఓ యంత్రం ఫ్లోరైడ్‌ను తీసేస్తుందన్నది కాదనలేము. కానీ దానితో కాల్షియం కూడా పోతుంది. ఆహారంలో కాల్షియం తక్కువైనవారినే ఫ్లోరోసిస్ ఎక్కువగా బాధిస్తుందని వైద్యులు చెబుతారు. పైగా యంత్రం వదిలేసే నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడి ఉంటుంది, అది కాలువలోకో పక్క గుంతలోకో పోయి మళ్లీ నేలలో ఇంకుతుంది. ఒక ప్లాంటులో నీటి పరీక్ష నివేదిక చూపమని అడిగితే యజమాని జేబులోంచి టీడీఎస్ మీటరు తీసి, అంకె చూపించి, చాలా తక్కువ ఉంది చూడండి సార్ అన్నాడు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని సుమారుగా చెబుతుందే తప్ప అందులో ఫ్లోరైడ్ ఎంతో, క్రిములున్నాయో లేవో చెప్పలేదు. క్యాను లోపలి గోడకు పచ్చగా పట్టిన నాచును కూడా చెప్పలేదు.

ప్రజారోగ్యం_స

నేను వైద్యురాలిని, అంటువ్యాధుల విభాగంలో పనిచేస్తున్నాను. ఏటిగట్టు గారి ప్రశ్న విలువైనదే అయినా, గొట్టపు బావులు వేయడమే తప్పు అన్న ధ్వని అందులో వినిపిస్తోంది. దానితో నేను ఏకీభవించలేను. ఆర్సెనిక్ ఏళ్ల తరబడి శరీరంలో చేరి చర్మం మీద మచ్చలుగా, అరచేతుల్లో గట్టి కాయలుగా, తరువాత క్యాన్సర్లుగా బయటపడుతుంది. అతిసారం మూడు రోజుల్లో పసిబిడ్డను తీసుకుపోతుంది. 1970ల బంగ్లాదేశ్‌లో చెరువు నీటిని వదిలిపెట్టమని చెప్పినవారు కళ్లముందు కనిపిస్తున్న మరణాలకు జవాబు వెతికారు. వారు చేసినది సగం పని. రెండో సగం నీటిని పరీక్షించడం.

సూక్ష్మజీవుల విషయంలో కూడా మనం అనుకున్నంత సులువుగా ఫలితాలు రావు. బంగ్లాదేశ్, కెన్యాల్లో జరిగి 2018లో వెలువడిన పెద్ద ప్రయోగాల్లో ఇళ్లకు క్లోరిన్, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే ఏర్పాటు ఇచ్చి చూశారు. బంగ్లాదేశ్‌లో అతిసారం తగ్గింది, కెన్యాలో తగ్గలేదు. పిల్లల ఎదుగుదలలో మాత్రం రెండుచోట్లా ఈ ఏర్పాట్ల వల్ల మార్పు రాలేదు. జింబాబ్వేలో చేసిన ప్రయోగంలోనూ ఎదుగుదల విషయంలో అదే కనిపించింది. ఇంకోవైపు, ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్ బృందం అనేక ప్రయోగాలను కలిపి లెక్కకట్టి, నీటిని శుద్ధి చేస్తే చిన్నపిల్లల మరణాలు పావు వంతుకు అటూఇటూగా తగ్గుతాయని చూపింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టివేయవు. పేగులకు పదేపదే తగిలే మలక్రిములు నీటి నుంచే కాదు, నేల నుంచి, కోళ్ల నుంచి, ఈగల నుంచి కూడా వస్తాయి. నీటిని మాత్రమే బాగు చేస్తే ప్రాణం నిలవవచ్చు, ఎత్తు పెరగకపోవచ్చు.

ఇళ్లలో చేసిన పరీక్షల్లో పదేపదే తేలిన సంగతి మరొకటి ఉంది. వనరు దగ్గర శుభ్రంగా ఉన్న నీరు బిందెలో, గ్లాసులో కలుషితమవుతోంది. నీరు రెండు రోజులకు ఒకసారి వస్తే పట్టి నిలవ చేసుకోక తప్పదు. కాబట్టి సరఫరా వేళలు కూడా నీటి నాణ్యతలో భాగమే.

ఏటిగట్టు

డాక్టరు గారూ, బావులు వేయడమే తప్పని నేననలేదు. నా అభ్యంతరం బంగ్లాదేశ్‌లో విషం బయటపడిన తరువాత జరిగినదాని మీద. 1999 నుంచి 2006 వరకు సుమారు 50 లక్షల బావులను పరీక్షించి, హద్దు దాటినవాటికి ఎరుపు, మిగిలినవాటికి ఆకుపచ్చ రంగు వేశారు. అది గొప్ప పని. ఆ తరువాత రంగులు వెలిసిపోయాయి, వేరే బావులు లక్షల్లో వచ్చాయి, వాటికి ఏ రంగూ లేదు. లోతు బావుల పరిష్కారం రాతిపొర గారు చెప్పినట్టు బాగా పనిచేసేదే. కానీ మానవ హక్కుల సంస్థ హ్యూమన్ రైట్స్ వాచ్ 2016 నివేదిక ప్రకారం ప్రభుత్వం వేసే కొత్త బావుల్లో సగం ఎక్కడ వేయాలో పార్లమెంటు సభ్యుల మాట మీద నడిచింది, దాంతో అవసరమైన చోటికి కాక అనుకూలమైనవారి పెరట్లోకి చేరాయి. పెరట్లో బావి ఉన్నవాడు గేటు మూసుకుంటే పక్కింటి స్త్రీ తిరిగి ఎర్రరంగు బావికే వెళ్తుంది.

గుంతల_గోడు

ఇంతసేపూ నీటి గురించే మాట్లాడుతున్నారు. పారిశుద్ధ్యాన్ని శీర్షికకు తోకలా తగిలించడం అలవాటైపోయింది. 2010 అక్టోబరులో హైతీలో జరిగినదాన్ని చూడండి. అంతకుముందు శతాబ్ద కాలంలో అక్కడ కలరా నమోదు కాలేదు. ఐక్యరాజ్యసమితి శాంతి పరిరక్షక దళం శిబిరం నుంచి మలినం ఒక వాగులో కలిసి, అక్కడి నుంచి ఆర్తిబొనీత్ నదిలోకి చేరింది. ఆ నది నీరు తాగినవారితో మొదలై దేశమంతా పాకి దాదాపు పదివేల మంది చనిపోయారు. 2016 డిసెంబరులో గాని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి క్షమాపణ చెప్పలేదు. నీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని 2010 జులైలో తీర్మానం చేసినదీ ఆ సంస్థే.

మన దేశంలో 2014–19 మధ్య పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు. కట్టడం వరకు ఫొటోలున్నాయి. గుంత నిండిన తరువాత ఎవరు దిగుతారన్నది ఫొటోలో లేదు. రెండు గుంతల పద్ధతిలో ఒకటి నిండగానే దాన్ని మూసి రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఏడాదిన్నర పైగా వదిలేస్తే అందులోనిది వాసన లేని ఎరువుగా మారుతుంది. మనిషి పచ్చి మలాన్ని తాకవలసిన అవసరం రాదు. కానీ మన ఊళ్లలో చాలామంది ఒక పెద్ద గుంతనో సెప్టిక్ ట్యాంకునో కట్టుకొని, నిండితే ట్యాంకరును పిలుస్తారు. ట్యాంకరు ఆ మలినాన్ని ఊరి బయట వాగులో వదులుతుంది. ట్యాంకరు పైపు అందని చోట మనిషిని దింపుతారు, ఆ మనిషి ఏ కులంవాడో ఈ వేదికలో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2013 చట్టం దీన్ని నిషేధించింది. మురుగు కాలువలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. సఫాయి కర్మచారుల ఉద్యమ నాయకుడు బెజవాడ విల్సన్ దశాబ్దాలుగా అడుగుతున్నది పరిహారం పెంచమని కాదు, మనుషులను దింపడం ఆపమని. సురక్షిత పారిశుద్ధ్యం లేని 350 కోట్ల మందిని లెక్కపెట్టేటప్పుడు, మిగిలినవారి గుంతలను ఖాళీ చేసే మనిషి భద్రతను ఏ గడిలో వేస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది.

రాతిపొర

గుంతల గోడు గారి మాటకు ఒక సాంకేతిక వివరం చేరుస్తాను. విపత్తు శిబిరాలకు వాడే స్ఫియర్ ప్రమాణాల్లో మరుగుదొడ్డి గుంతకు, నీటి వనరుకు మధ్య 30 మీటర్ల దూరం, గుంత అడుగు నుంచి భూగర్భ నీటిమట్టానికి 1.5 మీటర్ల ఎడం ఉండాలి. చతురస్రంగా ఉన్న వంద గజాల ఇంటి స్థలం ఒక పక్క తొమ్మిది పది మీటర్లకు మించదు. అందులో బోరూ, గుంతా రెండూ పెట్టుకున్నవారు ఆ దూరాన్ని ఎక్కడి నుంచి తెస్తారు? గోదావరి డెల్టా వంటి చోట్ల వానాకాలంలో నీటిమట్టం గుంత అడుగును తాకుతుంది. అక్కడ ఇంటింటికీ విడిగా గుంత తవ్వించే పథకం కన్నా, దూరం నుంచి శుద్ధి చేసిన కుళాయి నీరు తేవడమే మలక్రిముల నుంచి మొదటి రక్షణ.

తీరగాలి

ఉద్దానం కిడ్నీ వ్యాధిని కూడా ఈ చర్చలో చేర్చాలి కదా? శ్రీకాకుళం జిల్లాలో అంతమందికి వచ్చింది నీటి వల్లనే అని అందరూ అంటారు.

ప్రజారోగ్యం_స

తీరగాలి గారూ, దాన్ని వేరుగా ఉంచడం మంచిది. అక్కడి దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి తెచ్చే పథకం వచ్చింది, పలాసలో పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మంచినీరు ఇవ్వడానికి కారణం రుజువయ్యే వరకు ఆగనక్కరలేదు. కానీ నీరే కారణమని ఖాయం చేసేస్తే, ఎండలో పని, నొప్పి మాత్రలు వంటి మిగతా అనుమానాల మీద పరిశోధన ఆగిపోతుంది.

నిర్వాహకులు

భగీరథ ఘనత ఏ పార్టీదన్న అంశంపై వచ్చిన కొన్ని వ్యాఖ్యలను తొలగించాము. దయచేసి విషయానికి కట్టుబడి రాయండి.

కార్యదర్శి_పల్లె

నేను ఒక చిన్న పంచాయతీకి కార్యదర్శిని. ఇంటింటికీ కుళాయి నీరిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మార్గదర్శకాల ప్రకారం మా ఊళ్లో ఐదుగురు మహిళలకు కిట్టుతో నీటి పరీక్షలో శిక్షణ ఇచ్చారు. వారు శ్రద్ధగానే చేస్తున్నారు. పోయిన వారం శివారు వీధిలోని కుళాయి నీటితో నింపిన సీసా నల్లగా మారింది. వివరాలు పోర్టల్‌లో ఎక్కించాను. తరువాత ఏం చేయాలో ఆ పోర్టల్ చెప్పలేదు. ఊళ్లో చెబితే మళ్లీ అందరూ క్యాన్ల మీద పడతారని సర్పంచ్ గారి భయం. పెద్దలు సలహా ఇవ్వగలరు.

పాత_ఇంజనీరు

కార్యదర్శి గారూ, సీసా నల్లబడితే మలక్రిములు ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు. ముందు ఆ వీధిలోని చివరి ఇంట్లో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోపుతో చూడండి. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గర ఉండి, చివరి ఇంట్లో లేకపోతే లోపం మధ్యలోని గొట్టంలో ఉందని అర్థం. ఆ వీధి వాల్వు గుంతలో మురుగు నీరు నిలిచి ఉందేమో చూడండి. నీరు ఆపిన వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగులు ఉన్నచోట చుట్టూ ఉన్న మురుగును అది లోపలికి పీల్చుకుంటుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించినవారు ఉంటే ఆ పీల్పు ఇంకా ఎక్కువ. వారు ఎవరో మీకు తెలిసే ఉంటుంది, చెప్పడమే కష్టం. పగులు అతికించి, గొట్టంలో నీరు వదిలి కడిగి, క్లోరిన్ పెంచి, అదే ఇంట్లో మళ్లీ పరీక్ష చేయించండి. ఒక నమూనాను జిల్లా ప్రయోగశాలకు కూడా పంపండి. అంతవరకు ఆ వీధివారిని నీరు మరిగించి తాగమని ఈరోజే చెప్పండి. సర్పంచ్ గారి భయాన్ని అర్థం చేసుకోగలను గాని, దాచిపెట్టిన ఫలితం బయటపడితే క్యాన్లవాడికి మీరే ప్రచారం చేసినట్టవుతుంది.

బడిపంతులు_నల్గొండ

ప్రతి వారం ఫలితాన్ని, బాగున్నా బాగాలేకపోయినా, పంచాయతీ గోడ మీద వీధి పేరుతో సహా రాయించండి. మా బడి గోడ మీద పిల్లలతో అలా రాయించాలని ప్రయత్నిస్తే, చెడు ఫలితం వచ్చిన వారం మాత్రం రాయవద్దని ఒత్తిడి వచ్చింది. మంచివి మాత్రమే కనిపించే గోడను ఎవరూ నమ్మరు.

గుంతల_గోడు

వాల్వు గుంతలోకి దిగి మురుగు తోడేది ఎవరో కూడా ముందే ఆలోచించండి కార్యదర్శి గారూ. మోటారు పంపుతో తోడించండి, మనిషిని దింపకండి.

కార్యదర్శి_పల్లె

అందరికీ కృతజ్ఞతలు. ఆ వీధిలో ఏడు ఇళ్లు ఉన్నాయి, రెండింట్లో చంటిపిల్లలు ఉన్నారు. నీరు మరిగించి తాగమని ఆశా కార్యకర్తతో ఈ సాయంత్రమే చెప్పించాను. వాల్వు గుంతలో నిజంగానే మురుగు ఉంది. తోడడానికి పక్క ఊరి రైతు డీజిల్ పంపు ఇస్తానన్నారు. గోడ మీద రాయించే సంగతిని గ్రామసభ అజెండాలో చేర్చాను. మోటార్ల సంగతి కూడా చేర్చాను, అందులో ఒకటి వార్డు సభ్యుని ఇంట్లోదే. మళ్లీ చేసిన పరీక్ష ఫలితం రాగానే ఇక్కడ రాస్తాను.